దొర ఊగడం మానేశాడట

పిచ్చుకా,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, నా మేనకోడలూ చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఈ రెండు ముక్కలూ ఎప్పుడూ ఒక్క గుక్కలో రాసేసేవాణ్ణి. ఈసారి అవి రాశాక కలం పక్కన పెట్టి, టీ తాగి, వీధి గుమ్మం దాకా వెళ్ళి, ఎదురింటాయనతో వానల గురించి మాట్లాడి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మీ వదిన చూసి, "ఉత్తరం రాస్తున్నారా, పురిటి నొప్పులు పడుతున్నారా?" అంది. ఫోన్ చేయొచ్చుగా అని నువ్వు అంటావు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను సగంలో పెట్టేస్తాను. ఇది సగంలో పెట్టేసే సంగతి కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ వదిన మోకాలు నయం. మెట్లెక్కేటప్పుడు మాత్రం నా పేరు తలుచుకుని తిడుతోంది, మెట్లున్న ఇల్లు తీసుకున్నది నేనట. పెద్దాడికి లెక్కలు వస్తున్నాయి, మాట వినడమే రావడం లేదు. చిన్నది నువ్వు పంపిన గౌను ఒంటి మీద నుంచి తీయనివ్వడం లేదు. ఉతకాలంటే అది నిద్రపోయేదాకా కాచుకోవాల్సి వస్తోంది. నా భుజం నొప్పి అలాగే ఉంది. బస్తాలు మోయొద్దని డాక్టరన్నాడు. మోయకపోతే మా జూలో మేత ఎవరు మోస్తారని నేనన్నాను. అక్కడితో వైద్యం ముగిసింది.

ఇక నీ ఉత్తరంలో మిగతాదంతా దొర గురించే. నీ ఆరోగ్యం గురించి ఒక వాక్యం, బావగారి గురించి అర వాక్యం, ఆ ఎలుగుబంటి గురించి మూడు కాగితాలు. నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నేను కాస్త వెనక్కి వెళ్ళాలి. నీకు తెలిసిన కథే. కానీ నా వైపు నుంచి నువ్వెప్పుడూ వినలేదు.

దొర మా దగ్గరికి వచ్చినప్పుడు రెండు అరచేతుల్లో పట్టేంత ఉన్నాడు. తల్లిని ఏదో బండి గుద్దేసిందని అటవీ శాఖ వాళ్ళు అట్టపెట్టెలో పెట్టి తెచ్చారు. బతకడని జంతువుల డాక్టరు తేల్చేశాడు. నేను వాణ్ణి ఇంటికి తెచ్చి, వంటగదిలో పొయ్యి పక్కన గోనెసంచి పరిచి పడుకోబెట్టి, సీసాతో పాలు పట్టాను. సీసా నోట్లో పెట్టగానే వాడు 'హుమ్మ్' అని మొదలుపెట్టి పాలయ్యేదాకా ఆపేవాడు కాదు. గోడలో తేనెపట్టు ఉన్నట్టు ఇల్లంతా రొద. అప్పుడే కాపురానికి వచ్చిన మీ వదిన, "నాకు మనిషితో పెళ్ళి చేశారనుకున్నానే" అని అమ్మ దగ్గర వాపోయేది. నువ్వప్పుడు చదువుకుంటూ మన ఇంట్లోనే ఉన్నావు. సీసా నాకివ్వు, నాకివ్వు అని నా వెనకే తిరిగేదానివి. నేనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నా జబ్బు అప్పటినుంచే ఉన్నట్టుంది.

పెద్దవాడయ్యాక మా జూలో సిమెంటు గదికి మారాడు. ముందు ఊచలు, వెనక ఇనప తలుపు, పక్కన నీళ్ళు పోయే కాలవ, అంతే వాడి ప్రపంచం. పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. అరటిపళ్ళు తొక్క తీసి, గుడ్లు ఉడికించి పెంకు వలిచి, రొట్టె తుంచి పాలలో నానబెట్టి, వాడి పంటికి కూడా శ్రమ లేకుండా పెట్టేవాణ్ణి. గిన్నెను వెనక తలుపుకు టంగుమని కొట్టి, "దొరా, వేళయిందిరా" అని పిలిచేవాణ్ణి. వాడు ఆ తలుపు దగ్గరికి వచ్చి ఊగేవాడు. తల ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు, గడియారం లోలకంలా. నేను రాకముందూ ఊగేవాడు, వెళ్ళాకా ఊగేవాడు. జనం "డాన్సు, డాన్సు" అని చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను మీసం దువ్వుకుంటూ, "నన్ను చూస్తే వాడికి అంత ఆనందమండీ" అని చెప్పుకునేవాణ్ణి.

నువ్వు ఆ పెద్ద జూలో కీపరుగా చేరాక, ఒకసారి సెలవులకు వచ్చి, వాడి ఊచల ముందు స్టూలు వేసుకుని పొద్దంతా కూర్చున్నావు. ఇంటికొచ్చి చెయ్యి కూడా కడుక్కోకుండా నాతో మొదలుపెట్టావు.

"అన్నయ్యా, వాడు ఊగేది సంతోషంతో కాదు."

"మరి దేనితోనో?"

"ఏం తోచక. నిన్ను ఒక గదిలో పెట్టి, రెండుపూటలా భోజనం తోసి, చేయడానికి ఒక్క పని కూడా లేకుండా ఏళ్ళ తరబడి ఉంచితే నువ్వూ ఊగుతావు."

"నా చేత్తో గుడ్లు వలిచి పెడుతున్నానే వాడికి!"

"అదేగా నేననేది. వలిచే పని వాడిది. నువ్వు చేసేస్తున్నావు."

ఆ మాటకు నా కోపం నషాళానికి అంటింది. చిన్నప్పుడు నిన్ను వేలు పట్టుకుని నడిపించినవాణ్ణి నేను, నువ్వు నాకు చెప్పడమేమిటి అనిపించింది. ఆ రోజు నీతో పాటు కూర్చుని అన్నం తినలేదు. గుర్తుందా? తలనొప్పి అన్నాను. తల బాగానే ఉంది.

తర్వాత పై అధికారులు వచ్చి చూసి, ఈ గది ఎలుగుబంటికి చాలదు, మీ జూకి పంపాలన్నారు. అడిగించింది నువ్వేనని నువ్వే చెప్పావు, దాచలేదు. లారీ ఎక్కించిన రోజు వాడు బోనులో కూడా ఊగుతూనే వెళ్ళాడు. నన్ను వదల్లేక తల్లడిల్లుతున్నాడని మీ వదినతో చెప్పి ఏడ్చాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, "మా నాన్న నన్ను పంపించినప్పుడు కూడా ఇంత ఏడవలేదు" అంది.

ఇక అక్కణ్ణుంచి నీ ఉత్తరాలు మొదలయ్యాయి. మొదట్లో బాగానే ఉండేవి. వాడు మట్టి మీద కాలు పెట్టడానికి భయపడుతున్నాడు, మూల వదలడం లేదు, ఊగుతూనే ఉన్నాడు అని రాసేదానివి. చదివి అయ్యో పాపం అని పైకి అనేవాణ్ణి. లోపల మాత్రం, చూశావా, నేను లేకపోతే వాడికి గతి లేదు అని ఒక చల్లటి గాలి వీచేది. మరుసటి ఉత్తరంలో వాడు పచ్చికలో పొర్లాడు. ఆ తర్వాత దానిలో, నువ్వు దుంగకు బెజ్జాలు తొలిచి తేనె పోస్తే వాడు పెదాలు ముందుకు సాచి పీల్చుకున్నాడు. సిమెంటూ మట్టీ కలిపి పుట్ట కట్టి లోపల ఖర్జూరాలు దాచావు, వాడు గోళ్ళతో దాన్ని తవ్వి పోశాడు. పళ్ళను నీళ్ళలో వేసి గడ్డ కట్టించి ఇస్తే ఆ మంచుగడ్డను ఒళ్ళో పెట్టుకుని నాకాడు. పాత ఫైరింజన్ గొట్టాలతో ఊయల అల్లితే అందులో వెల్లకిలా పడుకున్నాడు. వాసనల కోసం చెట్టుకు లవంగాల నూనె రాస్తే వీపు రుద్దుకున్నాడు. దీన్నంతటినీ 'ఎన్‌రిచ్‌మెంట్' అంటారని రాశావు. నాకా మాట నోరు తిరగదు. మా ఇంట్లో మేం దాన్ని 'పిచ్చుక గోల' అంటాం.

ఒక ఉత్తరంలో చివరి వాక్యం ఇది: "దొర ఊగడం మానేశాడన్నయ్యా. మూడు వారాలైంది. తేనె పీల్చేటప్పుడు హుమ్మ్ అంటున్నాడు, మన వంటింట్లో అన్నట్టే."

నిజం చెప్పనా? ఆ వాక్యం నేను మీ వదినకు చదివి వినిపించలేదు. "మానేశాడట" అని మాత్రం చెప్పాను. ఆ హుమ్మ్ నా సొత్తు, పిచ్చుకా. నేను నిద్ర మానుకుని పాలు పట్టి సంపాదించుకున్నది. సీసా మాన్పించిన తర్వాత వాడు నా దగ్గర ఆ చప్పుడు మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. వలిచిన గుడ్డుకు చేయలేదు, పాలలో నానిన రొట్టెకు చేయలేదు. నువ్వు చెక్కకు బెజ్జం పెడితే చేశాడు! ఆ వారమంతా జూలో కనిపించిన ప్రతివాడికీ, "అక్కడ వాడికి తిండి సరిగా పెట్టట్లేదంట, దుంగల్లో, రాళ్ళ కింద దాచి వెతుక్కోమంటున్నారంట" అని చెప్పుకుని తిరిగాను. మా మేత గుమస్తా నోరు వెళ్ళబెట్టి, "అయ్యో, తోడబుట్టిన చెల్లెలై ఉండీ అంత పని చేసిందా?" అన్నాడు. నాకు హాయిగా అనిపించింది.

మీ వదిన కనిపెట్టేసింది. ఓ సాయంత్రం బట్టలు మడతపెడుతూ, "ఏమండీ, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మీకు వాడు బాగుండాలని ఉందా, మీ దగ్గరే బాగుండాలని ఉందా?" అంది.

"రెండూ ఒకటేగా."

"ఒకటి కాదు కాబట్టే మీ మొహం అలా మాడిపోయింది."

చొక్కాకు గుండీ ఊడింది కుట్టిపెట్టమని మాట మార్చాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్నకు వస్తాను. ఆ కాగితం నా ముందే ఉంది. నీ చేతిరాత అక్కడ వంకర్లు పోయింది. వాడు మళ్ళీ ఊగడం మొదలుపెట్టాడని రాశావు. నీకు సెలవైన గురువారం నాడు ఉన్నట్టుండి మొదలైందనీ, రెండు రోజులు తిండి కూడా ముట్టకుండా వెనక తలుపు దగ్గరే ఉండిపోయాడనీ, ఆ తర్వాత తగ్గినా ఇప్పటికీ సాయంత్రాలు ఆ తలుపు చూసి వస్తున్నాడనీ రాశావు. ముందురోజే నువ్వు కొత్త నూనె రాసిన దుంగ పెట్టావు కాబట్టి తప్పు నీదేనని అందరూ అంటున్నారు. మీ పెద్ద మేడమ్ ఈ గోలంతా కట్టిపెట్టి, వాణ్ణి లోపలి గదికి మార్చి, వేళకు గిన్నెలో తిండి పెట్టి చూద్దామంటున్నారు. "వాణ్ణి పెంచినవాడివి నువ్వు. నేనెక్కడ తప్పు చేశానో నీకే తెలియాలన్నయ్యా" అని అడిగావు.

నువ్వెక్కడా తప్పు చేయలేదు. ఆ గురువారం నేను మీ ఊళ్ళో ఉన్నాను.

మా జూ వాళ్ళు ఇనప వల కొనడానికి పంపుతున్నారని ఇంట్లో అబద్ధం చెప్పి రైలెక్కాను. నీ సెలవు ఏ రోజో నీ ఉత్తరాల వల్లే తెలుసు. కావాలనే ఆ రోజు చూసుకుని వచ్చాను. జీవితంలో మొదటిసారి జూకి టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళాను. టోపీ పెట్టుకున్నాను, నన్ను అక్కడ గుర్తుపట్టేవాళ్ళెవరో! దారి చూపే బాణం గుర్తుల వెంట, ఐస్‌క్రీములు తినే జనం మధ్య నడిచి వాడి దగ్గరికి వచ్చాను.

వాడు నాకు వీపు పెట్టి పుట్ట తవ్వుతున్నాడు. ముందు వీడు మన దొర కాదేమో అనుకున్నాను. బొచ్చు నిగనిగలాడుతోంది. నా దగ్గర పొట్ట నేలకు తగిలేది, ఇప్పుడు నడుం కనబడుతోంది. నా దగ్గర గోళ్ళు వంకర తిరిగిపోతే డాక్టరు మత్తిచ్చి కత్తిరించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ గోళ్ళ నిండా మట్టి, ఒకటి కొస విరిగి ఉంది, పని చేసుకునేవాడి గోరులా. తవ్వడం, ముక్కు దూర్చి ఊదడం, దుమ్ము తుమ్మడం, మళ్ళీ తవ్వడం. నా పక్కన ఒకాయన తన కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని, "చూడమ్మా, ఎంత బిజీగా ఉన్నాడో, మనం వచ్చినట్టు కూడా తెలీదు వాడికి" అన్నాడు.

పిచ్చుకా, ఆ మాట నాకు గుచ్చుకుంది. వాడికి తెలీదట! నేను వచ్చానని వాడికి తెలీదట! చూశాను కదా, బాగున్నాడు కదా, అక్కడితో వెనక్కి తిరిగి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. ఒక్కసారి నా వైపు తిరిగితే చాలనుకున్నాను. ఇంటి తాళం చెవి తీసి, ముందున్న ఇనప కమ్మీని టంగ్ టంగ్‌మని కొట్టి, "దొరా, వేళయిందిరా" అని పిలిచాను. మెల్లగా కాదు, మా జూలో పిలిచినట్టే పిలిచాను.

వాడి చెయ్యి ఆగిపోయింది. పుట్టలో ఇంకా ఖర్జూరాలున్నాయి, నాకు కనబడుతున్నాయి. వాటిని వదిలేసి లేచాడు. నేల మీద ముక్కు పెట్టుకుని గబగబా నడిచాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. వాడు నా ముందు నుంచే, కమ్మీకీ వాడికీ మధ్య తవ్విన కందకం అవతల నుంచే, నన్ను దాటుకుని వెళ్ళి, వెనకున్న ఇనప తలుపు ముందు నిలబడ్డాడు. నిలబడి ఊగడం మొదలుపెట్టాడు. ఎడమకు, కుడికి, ఎడమకు.

జనం పోగయ్యారు. ఎవరో ఈల వేశారు. "డాన్సు చేస్తున్నాడ్రోయ్!" అన్నారు. నీ దగ్గర దాచకుండా చెప్పేస్తాను: మొదట నాకు సంతోషమేసింది. నా మాటకు ఇంకా విలువుంది, చెల్లెలు ఎన్ని పుట్టలు కట్టినా నా ఒక్క పిలుపు చాలు అనుకుని ఛాతీ పొంగింది. చప్పట్లు నాకే కొడుతున్నట్టు నిలబడ్డాను.

కాసేపటికి, "ఇక చాల్లేరా, వెళ్ళు, తిను" అన్నాను. వాడు వినలేదు. కమ్మీ వెంట వాడి మొహం కనబడే పక్కకు నడిచాను. టోపీ తీసేశాను. మా ఇద్దరి మధ్యా ఆ కందకమే అడ్డం. "దొరా, నేన్రా" అన్నాను. వాడి కళ్ళు నా మీదుగా ఎడమకు వెళ్ళాయి, నా మీదుగా కుడికి వెళ్ళాయి. ఎక్కడా ఆగలేదు. నేను ఆ కమ్మీలో ఒక ఊచనైనట్టు! వాడు చూస్తున్నది నన్ను కాదు. వాడు చూసేది తలుపుని. ఆ తలుపు తెరుచుకుని ఏదో ఒకటి జరగాలని చూస్తున్నాడు. మా సిమెంటు గదిలో రోజంతా వాడు చేసిన పని అదొక్కటే. దాన్ని నేను నా మీద ప్రేమ అనుకుని ఊరందరికీ చూపించుకున్నాను.

ఆ పూట డ్యూటీలో ఉన్నావిడ, పొట్టి జుట్టావిడ, పరుగెత్తుకొచ్చింది. కొత్త కొమ్మ విసిరింది, మంచుగడ్డ దొర్లించింది, పేరు పెట్టి బుజ్జగించింది. వాడు అటు చూడలేదు. ఆవిడ ఫోన్‌లో ఎవరితోనో, "మళ్ళీ మొదలైందండీ. పొద్దున బాగానే ఉన్నాడు. ఆవిడ వస్తే నేనేం చెప్పాలి?" అని అంటోంది. ఆవిడన్న ఆ 'ఆవిడ' నువ్వే. నేను అక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. నోరు తెరిచి, "అమ్మా, పిలిచింది నేను" అని చెబితే సరిపోయేది. టోపీ మళ్ళీ పెట్టుకుని జనంలో కలిసిపోయాను. మీ వీధి మీదుగానే స్టేషన్‌కి వెళ్ళాను. మీ బాల్కనీలో నా మేనకోడలి యూనిఫాం ఆరేసి ఉంది. తలెత్తి చూసి, తల దించుకుని వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. చివరికి మీ వదినకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా జేబు వైపు చూసింది.

"పిల్లకి ఉద్యోగంలో మాటొస్తుంటే మీరు ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నారా?" అంది.

"ఏ మొహం పెట్టుకుని రాయను?"

"ఉన్న మొహమే పెట్టుకుని రాయండి. ముందు ఆ పెద్ద మేడమ్‌కి ఫోన్ చేయండి. ఎలుగుబంటి గదిలోకి వెళ్ళాక రాసి లాభమేమిటి?"

ఆ మాట నాకు తోచలేదు, చూడు. నా సిగ్గు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను గానీ, వాడు మళ్ళీ సిమెంటు గదిలోకి వెళతాడన్నది నా బుర్రకు ఎక్కలేదు. ఈ పొద్దున్నే మీ ఆఫీసుకు ఫోన్ చేసి మేడమ్‌ని అడిగి, ఉన్నదంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క ప్రశ్న వేశారు: "ఆ పిలుపు ఎలా పిలుస్తారు?" నేను ఫోన్‌లోనే బల్లను స్పూనుతో కొట్టి పిలిచి వినిపించాను. మా వంటింట్లో నిలబడి నేను అలా అరుస్తుంటే పిల్లలు బిక్కచచ్చిపోయారు.

ఆవిడ, "దుంగ తప్పు కాదన్నమాట" అన్నారు. "మీ చెల్లెలి పనులేవీ ఆపను. వాణ్ణి గదికి మార్చను. ఈ సంగతి ఆవిడతో ముందు మీరే చెప్పుకోండి, ఉత్తరం అందాక నేను మాట్లాడతాను. ఒక్కటి మాత్రం అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు వాడున్న వైపుకు రావొద్దు."

"రానండీ," అన్నాను. ఆ ఒక్క ముక్క అనడానికి నాకెంత సేపు పట్టిందో ఆవిడకు తెలుసు. ఓపిగ్గా ఆగారు.

కాబట్టి నువ్వు ఎప్పటినుంచో రమ్మంటున్నావు కదా, వస్తాను, మీ ఇంటికి వస్తాను, నీ చేతి టీ తాగుతాను, మేనకోడల్ని ఎత్తుకుంటాను. వాణ్ణి చూడను. తిట్టాలంటే అప్పుడు తిట్టు, తల వంచుకుని కూర్చుంటాను.

ఇంకొకటి కూడా ఉంది. ఒకేసారి కక్కేయనీ. చలికాలంలో నువ్వు, "వాడికి నీళ్ళంటే ఇష్టమేనా? గుంట నింపనా?" అని అడిగితే, భయం, దగ్గరికి కూడా పోడు అని రాశాను. అందుకే ఆ గుంటలో నువ్వు ఎండుటాకులు పోశావు. అబద్ధం. వాడికి నీళ్ళంటే ప్రాణం. గది కడగడానికి నేను గొట్టం తెస్తే ఎదురొచ్చి ధార కింద నోరు తెరిచేవాడు, చేత్తో కొట్టి నా మీదికే చిమ్మేవాడు, తడి నేల మీద పొర్లేవాడు. అన్నీ నీకే దక్కుతున్నాయి, ఇదొక్కటీ నాకు మిగలనీ అనుకున్నాను. ఎండలు ముదురుతున్నాయి. గుంట నింపు. నిండుగా వద్దు, వాడి మోకాలి దాకా చాలు. గొట్టం నేల మీద పెట్టి వదులు, నెత్తి మీద పోస్తే మాత్రం కళ్ళు మూసుకుని వెళ్ళిపోతాడు.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా జూలో దొర పాత గది పక్కన దుమ్ములగొండి ముసలిది ఉంటుంది, ఎవరూ దాని ముందు ఆగరు. నేనూ ఎప్పుడూ ఆగలేదు, ఎముకలు వేసి వెళ్ళిపోయేవాణ్ణి. మీ ఊరినుంచి వచ్చాక చూస్తే, అది ఊచల వెంట ఒకే దారిలో నడుస్తోంది. సిమెంటు మీద దాని కాళ్ళు అరగదీసిన గీత పడింది. ఇన్నేళ్ళూ ఆ గీతను నేనే కడిగాను, తెలుసా? మేత గుమస్తాను బతిమాలి ఒక గోనెసంచి, గడ్డి తెచ్చాను. ఎముకలు గడ్డిలో కుక్కి, మూతి కట్టి లోపల వేలాడదీశాను. గుమస్తా, "నీక్కూడా అంటుకుందా పిచ్చుక గోల?" అని నవ్వాడు. మొదటి రోజు అది సంచికి ఆమడ దూరాన తిరిగింది. రెండో రోజు వాసన చూసింది. నిన్న సాయంత్రం పళ్ళతో పట్టి లాగింది, చింపింది, గడ్డి అంతా గదిలో చిందరవందర చేసి ఒక ఎముక నోట కరుచుకుని మూలకు పోయింది. మళ్ళీ వచ్చి ఖాళీ సంచిని మరోసారి చింపింది, ఊరికే, సరదాకి. నేను ఊచల దగ్గరే నిలబడ్డాను. నా వైపు కన్నెత్తి చూడలేదు. ఉడుక్కున్నాను, నిజమే, ఆ గోనెసంచి మీద కూడా ఉడుక్కున్నాను. కానీ అది ముగించేదాకా కదల్లేదు. రేపటికి ఏం పెట్టాలో తోచడం లేదు. దుమ్ములగొండికి ఏ వాసనలు నచ్చుతాయో, నీకు తెలిస్తే రాయి.

దొర గురించి కూడా రాయి. నా మనసు నొచ్చుకుంటుందని తగ్గించి రాయొద్దు, మూడు కాగితాలూ నింపు. గుంటలో దిగాడా, నీళ్ళు చిమ్మాడా, ఎవరి మీద చిమ్మాడు, అన్నీ రాయి. నీ మీద చిమ్మాడని రాస్తే ఆ పూట నాకు అన్నం దిగదు. ఫరవాలేదు, మీ వదిన అలవాటు పడిపోయింది. రాయి.

బావగారికి నమస్కారాలు. మేనకోడలికి ముద్దులు.

ఇట్లు,
నిన్ను చూసి ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్న
నీ అన్నయ్య